ప్రాన్ కాదండీ, ప్రియాన్

సత్యనారాయణమ్మ ఎడమ అరచెయ్యి మేక తల నుదుటి మీద ఆనించి ఉంది. కుడిచేతిలో కత్తి చెవి వెనక నుంచి దవడ దాకా గీరుకుంటూ వస్తోంది. కొబ్బరి చిప్పల నిప్పు మీద కాల్చిన తల అది. పైన మసి రాలితే కింద పసుపురంగు తోలు బయటపడుతుంది. ఒక్క వెంట్రుక మిగిలినా కూరలో సరిగ్గా అదే నోటికి తగులుతుంది. అందుకని ఆవిడ కంటితో చూసి ఊరుకోదు, బొటనవేలితో తడుముతుంది. గరుకు తగిలితే మళ్లీ గీరుతుంది.

గీరడం అయ్యాక తలను చింతమొద్దు మీద నిలబెట్టింది. కొమ్ముల మధ్య నుంచి మెడ దాకా ఒక గీత గీసి, ఆ గీత మీద ఒక దెబ్బ, కాస్త వెనగ్గా ఇంకో దెబ్బ వేసింది. ఎముక పగలాలి, లోపలి పొర తెగకూడదు. పగులులో కత్తి పెట్టి మణికట్టు తిప్పేసరికి పుర్రె పైచిప్ప లేచింది. లోపల మెదడు ముడతలతో, పొరతో, ఎలా ఉన్నది అలాగే ఉంది. కింద నుంచి వేళ్లు పోనిచ్చి ఎత్తి నీళ్ల గిన్నెలో వదిలింది.

తల పగలగొట్టడం బలం ఉన్నవాళ్లెవరైనా చేస్తారు. మెదడును ముద్ద కానివ్వకుండా బయటికి తియ్యడం వేరు. అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్లే దారిలోని ఆ సెంటర్లో ఆ పని వచ్చిన మనిషి ఆవిడొక్కతే. ఆదివారం తెల్లారేసరికి ఆ మొద్దు ముందు జనం మూగేవారు. ఆ ఆదివారం మాత్రం ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

ఆ పని ఆవిడకు ఎవరూ నేర్పలేదు. భర్త దుర్గారావు అదే సెంటర్లో మాంసం కొట్టేవాడు. కువైట్‌లో ఒక వంటశాలలో పని దొరికి వెళ్లిపోయాడు. మేకను వేలాడదీసి కొయ్యడం ఆవిడ వల్ల కాలేదు. మాంసం కొట్టేవాళ్లకు తలకాయలంటే చాకిరీ, కాల్చాలి, గీరాలి, కడగాలి. ఎవరికీ పట్టని తలకాయలను ఆవిడ పట్టుకుంది. మొదట్లో తీసిన మెదళ్లన్నీ చెదిరిపోయాయి. చెదిరినదాన్ని అమ్మేది కాదు, ఇంటికి తీసుకెళ్లి కోడిగుడ్డు కొట్టి పొరటు చేసేది. అలా తినీ తినీ చెయ్యి కుదిరింది. అదే సెంటర్లో వడ్రంగిని, ఆవిడ కత్తికి పిడి వేసేది నేనే. పిడి ఎక్కడ అరుగుతుందో చూస్తే మనిషి ఎక్కడ బలం పెడుతున్నాడో తెలుస్తుంది. ఆవిడ పిడి అన్నివైపులా ఒకేలా అరుగుతుంది.

జనం రాకపోవడానికి కారణం కొండలరావు.

కొండలరావు వరప్రసాదం గారి రొయ్యల చెరువుల మీద కాపలా మనిషి. నీళ్లను చిలికే యంత్రాలు ఆగిపోతే చెరువులోకి దిగి బాగుచేసేది కూడా అతనే. ఆదివారం పూట మిరియాలు దట్టించిన మెదడు వేపుడు లేకపోతే ముద్ద దిగేది కాదు. అలాంటివాడు ఒకరోజు చెరువుగట్టు మీద నిలబడి ఇంటికి ఏ దారిన వెళ్లాలని అడిగాడు. తాగాడనుకున్నారు. తర్వాత నడక తూలింది. చిన్న చప్పుడైతే చాలు, చేతులు ఎగిరిపడేవి. కొన్ని నెలలకే భార్య సూర్యావతి పేరు మర్చిపోయాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, చివరికి కాకినాడ పెద్దాసుపత్రిలో చేర్చారు.

అక్కడి నుంచి సూర్యావతి తమ్ముడు హరిబాబు ఒక మాట పట్టుకొచ్చాడు. టీ కొట్టు దగ్గర అందరూ చుట్టుముట్టారు.

"ఏమన్నారురా డాక్టరు గారు?"

"మెదడులో ప్రాన్ అంటండి."

"ప్రానా? రొయ్యా?"

"మరి ప్రాన్ అంటే రొయ్యే కదండీ. కొనడానికొచ్చే లారీల మీదంతా అదే కదా రాసుంటది."

"చెరువులో రొయ్య బుర్రలోకెలా ఎక్కిందిరా బాబూ?"

"చెవులోంచి ఎక్కుంటదండి. రోజూ చెరువులో మునిగేవారు కదా బావగారు."

ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రానికి ఊళ్లో చెరువుల మీద పనిచేసే మగాళ్లంతా చెవుల్లో దూది పెట్టుకున్నారు. రొయ్యల బుట్టతో తిరిగే ఆడమనిషి ఎత్తిన బుట్ట ఎత్తినట్టే ఇంటికి తెచ్చుకుంది.

వరప్రసాదం గారికి గుండె జారింది. పట్టుబడికొచ్చిన రొయ్య చెరువులో ఉంది. మెదడు తినేసే రొయ్య అన్న మాట కొనేవాళ్ల చెవిన పడితే ఇంకేముంది? ఆయన ఫోను ముందేసుకుని వెతికి వెతికి, పొద్దున్నే టీ కొట్టు దగ్గరికి వచ్చాడు.

"ప్రాన్ కాదయ్యా, ప్రియాన్! రొయ్యకీ దీనికీ సంబంధం లేదు. ఇది పిచ్చి ఆవుల జబ్బు. మెదడు తింటే వచ్చే జబ్బు. ఇదిగో, ఫోన్లో ఉంది, చూసుకోండి."

అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కొండలరావు ఎవరి దగ్గర మెదడు కొనేవాడో ఎవరూ చెప్పక్కర్లేదు. చెవుల్లో దూది ఆ పూటే తీసేశారు.

ఆ ఆదివారం, కుక్క తప్ప ఎవరూ లేని ఆ ఆదివారం, వరప్రసాదం గారు మొద్దు దగ్గరికి వచ్చాడు. కొట్టు మీద రేకు, కింద స్థలం ఆయనవే. మర్యాద తెలిసిన మనిషి, చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు.

"అక్కగారూ, మీమీద నాకేం కోపం లేదండి."

"ఆయ్."

"మాంసం అమ్ముకోండి, కాళ్లు అమ్ముకోండి, నాలిక అమ్ముకోండి. మెదడొక్కటే మానెయ్యండి. వచ్చే ఆదివారం సెంటర్లో అందరి ముందూ చెప్పెయ్యండి, తెలీక అమ్మేను, ఇకమీదట అమ్మనని. జనం మర్చిపోతారు."

"తెలీక అమ్మేనంటే, నేనే చంపేనన్నట్టు కాదాండీ?"

"అబ్బే, అంత మాటెందుకండీ."

"మాట మీదే కదండీ. నేను విప్పి చెప్పేనంతే."

ఆయన మొహం బిగిసింది. "చెప్పకపోతే రేకు విప్పించేస్తానండి. స్థలం ఖాళీ చెయ్యాలి."

"ముందు నన్ను తెలుసుకోనివ్వండి. నా చేతివల్ల అయ్యిందని తేలితే మీరు విప్పక్కర్లేదు, రేకు నేనే విప్పుతాను. కాదని తేలితే మాత్రం ఆ మాట నా నోట రాదండి."

ఇంటికి వెళ్లేసరికి కువైట్ నుంచి ఫోను. దుర్గారావుకు అప్పటికే ఎవరో చేరవేశారు.

"మానెయ్యరాదటే? ఇంత ఊరిలో నీకు మెదడే దొరికిందా?"

"నీకక్కడ వంటశాలలో ఉల్లిపాయలు తరగడమే దొరికిందా?"

"నేనంటున్నది నీ మంచికే."

"మంచికైతే నువ్వొచ్చి మొద్దు దగ్గర కూర్చో. నేను కాకినాడ వెళ్లాలి."

నోటితో అలా అంది కానీ ఆవిడకు నిద్ర లేదు. వారం వారం కొండలరావుకు మెదడు ఆకులో తానే కట్టి ఇచ్చింది. అతను గిన్నెలోకి తొంగిచూసి, "పెద్దదివ్వండి పిన్నిగారూ" అనేవాడు. పెద్దదే ఇచ్చేది.

మర్నాడు యానాం మీదుగా బస్సెక్కి కాకినాడ వెళ్లింది. ఆసుపత్రి వరండాలో సూర్యావతి గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన గంజి గిన్నె, అందులో పొడవు కాడ ఉన్న గరిటె. సత్యనారాయణమ్మను చూసి లేవలేదు.

"ఏం చూద్దామని వచ్చేరు పిన్నిగారూ?"

"చూడ్డానికి కాదమ్మా, అడగడానికి."

"నేనూ అడుగుదామనే అనుకుంటున్నాను. భయమేసి అడగలేదు."

ఇద్దరూ కలిసే డాక్టరమ్మ గదిలోకి వెళ్లారు. సత్యనారాయణమ్మ కూర్చోకుండానే, తానెవరో, ఏం అమ్ముతుందో, ఊళ్లో ఏమంటున్నారో చెప్పేసింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ప్రియాన్ అంటే పురుగు కాదమ్మా. క్రిమి కూడా కాదు. అందరి మెదడులోనూ ఉండే ప్రోటీనే. మీకుంది, నాకుంది, మీరు కొట్టే మేకకీ ఉంది. సరిగ్గా మడతపడి ఉన్నంతకాలం దానివల్ల ఏ హానీ లేదు. ఎప్పుడో ఎవరికో ఒకటి తప్పుగా మడతపడుతుంది. అది పక్కదాన్ని ఆనుకుని దాన్నీ తనలాగే మడతపెట్టేస్తుంది. అది ఇంకోదాన్ని. అలా పాకి మెదడంతా చిల్లులు పడిపోతుంది."

"పాలల్లో తోడేసినట్టాండి?"

"ఆయ్, అచ్చం అలాగే."

"మరి ఆ తోడేసిందెవరండి?" అంది సత్యనారాయణమ్మ.

"ఎవరూ వెయ్యలేదు. పొయ్యి మీద పాలు ఒక్కోసారి వాటంతటవే విరుగుతాయి చూడండి, ఈయనకి అలా అయ్యింది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంతే."

"పిచ్చి ఆవుల జబ్బంటున్నారండి."

"అది వేరే రకం. పరాయి దేశంలో ఆవులకు చచ్చిన పశువుల ముక్కలే దాణాలో కలిపి పెట్టారు. అలా ఆవుల్లో పాకింది, వాటిని తిన్న మనుషుల్లో కొందరికి వచ్చింది. దాని గుర్తులు స్కానింగులో వేరేగా ఉంటాయి. ఈయనకి ఉన్నవి అవి కావు. గొర్రెలకీ మేకలకీ కూడా ఇలాంటి జబ్బు ఒకటుంది. అది తినడంవల్ల మనిషికి వచ్చినట్టు ఇంతవరకు ఎక్కడా తేలలేదు."

"రాదు అని ఒక్క మాట అనెయ్యొచ్చు కదండీ."

"తేలినంతవరకే చెప్పాలి కదమ్మా."

ఆ జవాబు సత్యనారాయణమ్మకు నచ్చింది. ఫోను చూసి ఒక్క ముక్కలో తేల్చేసినవాడి కంటే, తనకు తెలిసినది ఎంతవరకో గీత గీసి చెప్పిన మనిషి నయం అనుకుంది. అప్పుడు కూర్చుంది.

"ఆ జబ్బున్న మేక ఎలా ఉంటదండి? చూసి పోల్చుకోవచ్చా?"

"నడక తడబడుతుంది. వణుకుతుంది. బొచ్చు ఊడేదాకా స్తంభాలకేసి ఒళ్లు రుద్దుకుంటుంది. తిన్నా చిక్కిపోతుంది. జబ్బు ముదరక ముందైతే పైకి తెలియదు, అది కూడా చెప్పాలి."

సత్యనారాయణమ్మ ఆ మాటలను పెదవులు కదుపుతూ ఒకసారి నెమరేసుకుంది. అంతదాకా మాట్లాడని సూర్యావతి తల దించుకుని అడిగింది.

"నేను ఆయన్ని ముట్టుకోవచ్చాండి?"

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. హరిబాబు వద్దన్నాడని, అంటుకుంటుందన్నాడని, దూరం నుంచి గరిటెతో గంజి పోస్తున్నానని సూర్యావతి చెప్పింది.

"ముట్టుకోండమ్మా. చేత్తో తినిపించండి, ఒళ్లు తుడవండి, పక్కన కూర్చోండి. ముట్టుకుంటే అంటేది కాదు."

సూర్యావతి గది దాటి మంచం దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది. కొండలరావు చెయ్యి అందుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ చెయ్యి ఎగిరిపడుతూనే ఉంది. ఆమె వదల్లేదు. సత్యనారాయణమ్మ కొంగు బిగించి, పొడవు గరిటె పక్కన పడేసి, గంజిలో వేడి చూసి గిన్నె అందించింది.

ఊరికొచ్చిన మర్నాడు ఆవిడ మొదట వెళ్లింది మాంసం కొట్టే ఆంజనేయప్రసాద్ దొడ్డికి.

"ఇకమీదట మేకని బతికుండగా చూసేకే తల కొంటాను."

"మేకకి పెళ్లిచూపులాండి?" అన్నాడు అతను, కత్తి నూరుతూ.

"ఆయ్, పెళ్లిచూపులే. నడిపించు. నచ్చకపోతే కబురు చేస్తాను."

అతను నవ్వుతూనే నడిపించాడు. ఆవిడ కాళ్లు చూసింది, వీపు మీద బొచ్చు చూసింది, కళ్లలోకి చూసింది. కుంటుతున్న ఒకదాన్ని వద్దంది. బెణికిందంతే అన్నాడు అతను. బెణికినది తగ్గాకే చూస్తాను, తల వద్దు అంది. అది వట్టి మాటల ధైర్యం కాదు. తను అమ్మేదాన్ని తను చూసుకోగలిగినంత చూసుకోవడం. చూపుకి దొరకనిది ఉంటుందని తెలుసు, అయినా చూడటం మానలేదు.

ఆదివారం వచ్చింది. వరప్రసాదం గారు ఇద్దరు మనుషులతో వచ్చి నిలబడ్డాడు. టీ కొట్టు దగ్గర జనం చేరారు.

"చెప్పండి అక్కగారూ."

సత్యనారాయణమ్మ ఇన్నాళ్లూ వెనకాల పెట్టే నీళ్ల గిన్నెను ఎత్తి, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడేట్టు మొద్దు మీద ముందుకు పెట్టింది. అందులో మెదళ్లు, తెల్లగా, పొర చెదరకుండా ఉన్నాయి.

"మెదడు అమ్ముతానండి. కొండలరావు నా చేతి తిండి వల్ల జబ్బు పడలేదు. కాకినాడ వెళ్లి అడిగొచ్చేను. ఎవరికైనా అనుమానముంటే బస్సుంది."

"ఈవిడ చెప్తే మేం నమ్మాలా?" అన్నారు ఎవరో.

"నమ్మొద్దు. నన్ను నమ్మడం మీ పని కాదు, తల కొట్టడం నా పని."

వరప్రసాదం గారు మనుషులకు సైగ చేశాడు. వాళ్లు నిచ్చెన వేసి రేకు విప్పారు. ఎండ నేరుగా నెత్తి మీద పడింది. ఆవిడ కొంగు తలకు చుట్టుకుని ఇంకో తల అందుకుంది. మొద్దు కూడా తీసెయ్యండి అన్నాడాయన. ఇద్దరూ పట్టారు, కదల్లేదు. ఇంకో ఇద్దర్ని పిలిచారు, అయినా కదల్లేదు. ఏళ్ల తరబడి దెబ్బలకు మొద్దు భూమిలోకి దిగిపోయింది.

"నెమ్మదండి బాబూ, నడుము పట్టేస్తది" అంది సత్యనారాయణమ్మ, గీరడం ఆపకుండా. టీ కొట్టు దగ్గర ఎవరో పక్కున నవ్వారు. వాళ్లు మొద్దు వదిలేసి రేకు మోసుకుపోయారు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆవిడ ఎండలోనే కూర్చుంది. తలకాయ మాంసం కొందరు కొన్నారు. మెదడు ఎవరూ కొనలేదు. సాయంత్రం ఆవిడే తీసుకెళ్లి వేపుకునేది. తను తిన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదని ఆవిడకు తెలుసు. పారెయ్యడం మాత్రం తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పారెయ్యలేదు.

కొండలరావు ఇంటికొచ్చాక పోయాడు. చివరిదాకా సూర్యావతే చేత్తో తినిపించింది. పోయాక స్నానం చేయించడానికి అయినవాళ్లు వెనకాడుతుంటే ఆమే చెంబు పట్టింది.

వాళ్లలో పెద్దదినం అయిన మర్నాడు పోయినవారికి ఇష్టమైన నీచు వండి ఆకులో వడ్డిస్తారు. ఆ ఆకు పోయినవారికి చూపించాకే ఇంట్లోవాళ్లు మళ్లీ చేపా మాంసం ముట్టాలి. కొండలరావుకు ఆ నాడు ఆదివారమే పడింది.

సూర్యావతి సెంటర్లోకి నడిచివస్తుంటే టీ కొట్టు దగ్గర మాటలు ఆగాయి. వెనకాల హరిబాబు, వద్దక్కా వద్దక్కా అంటూ. ఆమె మొద్దు ముందు ఆగింది.

"మెదడు కావాలి పిన్నిగారూ. ఆయన ఆకులో పెట్టాలి."

సత్యనారాయణమ్మ చేతిలో కత్తి ఆగింది.

వరప్రసాదం గారు ఆవలి పక్క నుంచి వచ్చాడు. "సూర్యావతీ, నీకేమన్నా మతిపోయిందా? దేనివల్ల పోయేడో అదే పెడతావా?"

"దేనివల్ల పోయేరో డాక్టరమ్మ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పేరండి. మీకు ఫోను చెప్పింది."

"ఊరంతా అనుకుంటుంటే..."

"ఊరంతా ఆయనకి స్నానం చేయించడానికి రాలేదండి. నన్ను గరిటెతో గంజి పొయ్యమంది కూడా ఊరే. ఈవిడొక్కతే కాకినాడ వచ్చి డాక్టరమ్మ గారిని అడిగింది." ఆమె వరప్రసాదం గారి వైపు ఒక అడుగు వేసింది. "ఆయనకి మీ చెరువులో రొయ్యలు కూడా ఇష్టమేనండి. అవీ ఆకులో పెడతాను. పంపుతారా, లేకపోతే అవి కూడా మానెయ్యమంటారా?"

టీ కొట్టు దగ్గర నుంచి ఒక ముసలాయన, "పంపుతారులేవమ్మా, పంపకేం చేస్తారు" అన్నాడు.

సత్యనారాయణమ్మ అప్పటికి తీసి ఉంచిన గిన్నెను పక్కకు జరిపింది. కొత్త తల తీసింది. పొద్దున్న ఆంజనేయప్రసాద్ దొడ్డిలో నడిపించి చూసిన మేకది. కాల్చింది, గీరింది, బొటనవేలితో తడిమింది. జనం మొద్దు చుట్టూ చేరి చూస్తున్నారు. కొమ్ముల మధ్య గీత గీసింది. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. కత్తి పెట్టి మణికట్టు తిప్పింది. పైచిప్ప లేచింది. వేళ్లు కిందకి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, ఎత్తింది.

ఎక్కడా చెదరలేదు. నీళ్లలో ఒకసారి ముంచి, లేత అరిటాకులో పెట్టి, నాలుగు వైపులా మడిచి అరిటినారతో కట్టింది.

"పొర ఇప్పుడు తియ్యకమ్మా. గోరువెచ్చని నీళ్లల్లో పసుపేసి ఉంచి, అప్పుడు తియ్యి. మిరియాలు దంచి చివర్లో వెయ్యి."

"ఆయ్, పిన్నిగారూ."

సూర్యావతి రెండు చేతులూ చాపింది. సత్యనారాయణమ్మ పొట్లాన్ని ఆ చేతుల్లో పెట్టింది.